క్రాంక్‌బెయిట్‌కు తగిన గాలపు కర్ర

అమెరికా జలాశయాల్లో లార్జ్‌మౌత్ బాస్ చేపను పట్టేవారు ఇష్టపడే కృత్రిమ ఎరల్లో క్రాంక్‌బెయిట్ ఒకటి. చెక్కతోనో ప్లాస్టిక్‌తోనో చిన్న చేప ఆకారంలో చేసిన ఈ ఎరకు మూతి దగ్గర ఒక పలక ఉంటుంది. దారం చుడుతుంటే నీరు ఆ పలకను ఒత్తి ఎరను లోతుకు దించుతుంది, అటూ ఇటూ ఊపుతుంది. పొట్ట కింద, తోక దగ్గర మూడు ముళ్ల కొక్కేలు వేలాడతాయి.

కర్రను ఎంచడంలోని నేర్పంతా ఈ కొక్కేలను అర్థం చేసుకోవడంలోనే ఉంది. సన్నని ముళ్లు చాలాసార్లు చేప నోటి అంచున పైపైనే దిగుతాయి. బిర్రుగా ఉండే గ్రాఫైట్ కర్రతో గట్టిగా లాగితే చీల్చుకుని ఊడిపోతాయి. అందుకే అనుభవజ్ఞులు కొన నుంచి దాదాపు నడుము దాకా వంగే కర్రను కోరుకుంటారు. ఫైబర్‌గ్లాస్‌తో, లేదా దానికి గ్రాఫైట్ కలిపి చేసిన కర్రల్లో ఆ సాగుదల దొరుకుతుంది. చేప తల విదిలించినా, ఎగిరినా ఆ వంపు కుదుపును తట్టుకుని దారం బిగువు సడలనివ్వదు.

మామూలు ఎరలకు సుమారు 7 అడుగుల కర్ర సరిపోతుంది. లోతుకు దిగే పెద్ద ఎరలకు ఇంకా పొడవైనది, బలమైనది కావాలి. దూరం విసిరితేనే ఎర తన లోతును అందుకుని అక్కడ ఎక్కువసేపు ఈదుతుంది. కర్ర మీద ముద్రించిన ఎర బరువు పరిమితినీ చూసుకోవాలి. అయితే మెత్తదనం మితిమీరితే అడుగున రాయి తగిలిన అదురు చేతికి తెలియదు. వంపునూ స్పర్శనూ సమంగా ఇచ్చేదే మంచి కర్ర.