కొండమీది కోపిష్ఠియు చిన్న హైదీయు

యోహన్నా స్పీరి వ్రాసిన "హైదీ" కథను మీలో కొందరు బడిలో విని యుందురు. ఈమె 1827లో స్విట్జర్లండు దేశమున హిర్జెల్ అను పల్లెలో పుట్టి 1901లో గతించెను. తండ్రి వైద్యుడు, తల్లి భక్తికీర్తనలు వ్రాసినది. కథ జర్మను భాషలో 1880, 1881 సంవత్సరములలో రెండు భాగములుగా వెలువడెను. పిల్లల పుస్తకమని పెద్దలు దీనిని ప్రక్కన పెట్టుదురు. సంఘపు పెద్దలే దీనిని మొదట చదువవలెనని నా మనవి.

కథలోని ముసలివాని పూర్వచరిత్ర చక్కనిది కాదు. యౌవనమున జూదమునకును త్రాగుడుకును ఆస్తి పోగొట్టి, నేపుల్సు పట్టణమున సిపాయియై, అక్కడ కొట్లాటలో ఒకని చంపెనను వదంతిని మోసికొని కుమారునితో తిరిగివచ్చెను. బంధువులు తలుపులు మూసిరి. కుమారుడు తోబియా వడ్రంగియై పెండ్లి చేసికొనగా, రెండేండ్లకే దూలము మీదపడి మరణించెను. కొన్ని వారములకే కోడలును పోయెను. అప్పుడు ఊరివారేమి చేసిరి? ఇది నీ పాపమునకు శిక్షయని ముఖము మీదనే చెప్పిరి. పాదిరిగారు కూడ పశ్చాత్తాపపడుమని హెచ్చరించిరి. బిడ్డను పాతిపెట్టిన తండ్రి ప్రక్కన ఊరక కూర్చున్నవాడు ఒక్కడైనను కనబడడు. అతడు కొండ యెక్కి, దేవునితోను మనుష్యులతోను మాట మానివేసెను. ఆ కోపాగ్ని అతనిదే గాని, అందులో ఊరు పోసిన నూనె తక్కువ కాదు.

ఆ గుడిసెకు అయిదేండ్ల మనుమరాలిని పినతల్లి తెచ్చి విడిచిపోయినది. అతడు పినతల్లిని కసరి తరిమెను. పిల్ల మాత్రము భయపడక, తాతా అని పిలిచి చేయి చాపి, ఆ గడ్డమును గుబురు కనుబొమలను తేరిపార చూచెను. అటకమీది యెండుగడ్డిలో తన పడక తానే యేర్పరచుకొనెను. ముసలివాడు మరికొంత గడ్డి తెచ్చి మందముగా పరచెను. భోజనవేళ బల్ల ఆమెకు అందకపోగా, ఎత్తైన మూడుకాళ్ల పీట చేసి యిచ్చెను. ప్రేమ యను మాట అతని నోట రాదు. చేతులే మాటలాడును.

హైదీ అతనిని మార్చవలెనని పూనుకొనలేదు. ఈ కథను పొగడువారు సామాన్యముగా ఇది గమనింపరు. తాత మంచివాడని ఆమె ముందే నమ్మినది. ఆ నమ్మకమునకు తగినట్లు అతడు మెల్లగా ఎదిగెను.

పుస్తకములో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము చలికాలమున జరుగును. మేకల కాపరి పేతురు ఇంట గ్రుడ్డి అవ్వ యున్నది. గాలికి ఆ యిల్లు కిటకిటలాడుచుండుట చూచి, సుత్తియు మేకులును తీసికొని పోదము తాతా, యని హైదీ అడిగెను. అతడు మరునాడే పోయి గోడలు బిగించెను. లోపలికి రమ్మని పేతురు తల్లి పిలువగా, మీరు నన్ను గూర్చి యేమి తలంతురో నేనెరుగుదును అని కసరి, బయటనే యుండెను. చూచితిరా! ఇచ్చుటకు చేతులున్నవి, పుచ్చుకొనుటకు లేవు. వెలివేయబడినవాని రోగము సరిగా ఇదే. దీనిని కనిపెట్టిన రచయిత్రి సామాన్యురాలు కాదు.

రెండు చలికాలములు గడచిన తరువాత పినతల్లి వచ్చి, పిల్లను ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు తీసికొనిపోయెను. ముసలివాడు మండిపడి శపించినట్లు మాటలాడెను. పిల్ల బ్రతికిపోయినదని ఊరివారు సంతోషించిరి. అతని మంచితనమును గూర్చి సాక్ష్యమిచ్చినది గ్రుడ్డి అవ్వ యొక్కతెయే. కన్నులున్నవారు చూడలేదు.

నగరములో హైదీ చదువ నేర్చి, బెంగతో చిక్కి, తిరిగివచ్చి, ఒక సాయంకాలము తాతకు తప్పిపోయిన కుమారుని కథ చదివి వినిపించెను. లూకా సువార్త 15వ అధ్యాయము మనకు కంఠతా వచ్చును గనుక చప్పగా వినిపించును. అతనికి అట్లు కాదు. అందరు నిద్రించు వేళ దీపము పట్టుకొని అటక యెక్కి, చేతులు జోడించి నిద్రించుచున్న పిల్లను చాలసేపు చూచి, తానును చేతులు జోడించెను. హైదీ మేలుకొనలేదు. మేలుకొని యుండిన యెడల ఆ ఘట్టము చెడిపోయెడిది.

రెండవ భాగము నాకంతగా నచ్చలేదు. నడవలేని క్లారా నడచును, ధనవంతుల సహాయముతో చిక్కులన్నియు విడిపోవును. మరియొక లోపమున్నది. ఆదివారము అతడు హైదీ చేయి పట్టుకొని గుడికి రాగా, జనులు గుసగుసలాడిరి. పాదిరిగారు అతని చేయి పట్టుకొనుట చూచిన తరువాతనే తమ చేతులు చాపిరి. ఆ ఊరిని రచయిత్రి ఇంత సులభముగా విడిచిపెట్టక, ఒక్క ప్రశ్నయైనను అడుగవలసినది. ఇన్ని యేండ్లలో పాదిరిగారు ఒకమారు, అదియును బడి సంగతికై, కొండ యెక్కిరి. తక్కినవారు ఎక్కలేదు.

అయినను, ఇంటికి పోవుచు అతడు చేసినది చూడుడు. గ్రుడ్డి అవ్వ గుడిసె యొద్ద ఆగి, తానే తలుపు తెరచి, అవ్వా యని పలుకరించెను. ఆమె చేయి చాపగా పట్టుకొనెను. ఈసారి బయట నిలువలేదు. వారితో బల్లయొద్ద కూర్చుండెను.