జేకబ్ ‘సరెండర్ ఎట్ ఢాకా’: ఒక విమర్శనాత్మక పరిశీలన

1971 డిసెంబరు 3 నుంచి 16 వరకు జరిగిన యుద్ధంపై వచ్చిన స్వీయకథనాలలో లెఫ్టినెంట్ జనరల్ జె.ఎఫ్.ఆర్. జేకబ్ 1997లో ప్రచురించిన ‘సరెండర్ ఎట్ ఢాకా’ ముఖ్యమైనది. యుద్ధకాలంలో ఆయన తూర్పు సైనిక కమాండ్‌కు చీఫ్ ఆఫ్ స్టాఫ్. వ్యూహరచన ఎలా సాగిందో దగ్గరగా చూసిన మనిషి రాసిన పుస్తకం కాబట్టి దీనికి ఆధార గ్రంథంగా విలువ ఉంది. అయితే త్రివిధ దళాల సమన్వయాన్ని ఈ ఒక్క పుస్తకంతో అర్థం చేసుకోగలమా? ఈ భాగంలో ఆ ప్రశ్నను పరిశీలిద్దాం.

ముందుగా నేపథ్యం గుర్తుచేసుకోండి. శీతాకాలంలో హిమాలయ కనుమలను మంచు కప్పేస్తుంది. అందువల్ల చైనా జోక్యం కష్టమవుతుంది. వర్షాకాలపు వరదలు తగ్గి తూర్పు బెంగాల్ నేల గట్టిపడుతుంది. కాలం కలిసివచ్చినా కమాండ్ మాత్రం ఒకే చోట లేదు. సైన్యం కార్యాలయం కలకత్తాలో, నౌకాదళానిది విశాఖపట్నంలో, వైమానిక దళానిది షిల్లాంగ్‌లో ఉండేవి. ముగ్గురికీ పైన ఉమ్మడి సేనాపతి లేడు.

ఢాకాలో నియాజీకి 26,400 మంది సైనికులుండగా, నగరం వెలుపల భారత సైనికులు సుమారు 3,000 మందేనని జేకబ్ చెబుతారు. అయినా నియాజీ లొంగిపోయాడు. జేకబ్ కథనంలో ఇందుకు ప్రధాన కారణం డిసెంబరు 16న తాను జరిపిన సంప్రదింపులు. కాల్పుల విరమణతో ముగియవలసిన దాన్ని బహిరంగ లొంగుబాటుగా మార్చడంలో ఆయన పాత్రను తక్కువ చేయలేం. కానీ కాల్పుల విరమణ కోరుతూ నియాజీ డిసెంబరు 14నే అమెరికా కాన్సల్‌ను ఆశ్రయించాడు. అంటే జేకబ్ ఢాకాలో అడుగుపెట్టే సరికే అతని స్థైర్యం సడలింది.

ఎందుకు సడలింది? తేజ్‌గావ్ రన్‌వే మీద మన విమానాలు చేసిన దాడులతో డిసెంబరు 7 నాటికి పాకిస్తాన్ విమానాలు అక్కడ ఎగరలేని స్థితి వచ్చింది. విక్రాంత్ నుంచి లేచిన విమానాలు చిట్టగాంగ్, కాక్స్ బజార్‌లపై బాంబులు వేయడంతో సముద్రమార్గం మూసుకుపోయింది. మేఘ్నా నదిపై ఆశుగంజ్ వంతెనను శత్రువు పేల్చివేసినప్పుడు, డిసెంబరు 9న సగత్ సింగ్ దళాలు హెలికాప్టర్లలో నది దాటాయి. 11న టాంగాయిల్ వద్ద పారాట్రూపర్లు దిగారు. ఆ ప్రాంతంలో ముక్తి బాహిని అప్పటికే బలంగా ఉంది. 14న గవర్నర్ భవనంపై వైమానిక దాడి జరిగింది. లొంగుబాటు పత్రం వెనుక ఇన్ని చేతులున్నాయి.

అలాగని అన్నిచోట్లా సమన్వయం సవ్యంగా సాగిందనుకోకూడదు. డిసెంబరు 10న ఖుల్నా సమీపంలో ముక్తి బాహిని పడవలను శత్రువులవిగా పొరబడి మన విమానాలే దాడి చేశాయి. నావికుడు రుహుల్ అమీన్ ఆ ఘటనలోనే మరణించాడు. బంగ్లాదేశ్ ఆయనను బీర్ శ్రేష్ఠగా గౌరవించింది. యుద్ధం చివరి రోజుల్లో కాక్స్ బజార్ తీరంలో నౌకల నుంచి సైన్యాన్ని దింపే ప్రయత్నం తీరం లోతు సరిగా తెలియక విఫలమైంది. ఆ పనిలో శిక్షణ లేని గూర్ఖా సైనికులను పంపారు. శత్రువు లేని తీరంలోనే ప్రాణనష్టం జరిగింది.

ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూడండి. మేఘ్నా వద్ద సగత్ సింగ్, వైమానిక దళ అధికారి చందన్ సింగ్ ఒకే చోట నిలబడి నిర్ణయాలు తీసుకున్నారు. ఖుల్నా, కాక్స్ బజార్‌లలో ఒక దళానికి తెలిసినది, లేదా తెలియవలసినది, రెండో దళానికి చేరలేదు. సమన్వయం ఉత్తర్వులతో మాత్రమే రాదు. ఒకరి పని ఇంకొకరికి తెలిసినప్పుడే వస్తుంది. జేకబ్ పుస్తకంలో ఈ పాఠం మరుగున పడింది. ఆయన దృష్టి తన కార్యాలయం నుంచి, తన నిర్ణయాల నుంచి ఎక్కువ దూరం పోదు.

విశాఖ నుంచి తూర్పు నౌకాదళాన్ని నడిపిన వైస్ అడ్మిరల్ కృష్ణన్ ‘నో వే బట్ సరెండర్’లోనూ అదే మొగ్గు కనిపిస్తుంది. అక్కడ కేంద్రం సముద్రం. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ తీరంలో మునిగిపోవడం మన నౌక రాజ్‌పుత్ దాడి ఫలితమని భారత కథనం. లోపలి పేలుడు వల్లనో, సొంత మైన్ల వల్లనో అని పాకిస్తాన్ వాదన. స్వీయకథనం ఒక పక్షం సాక్ష్యమేనని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

కాబట్టి జేకబ్ గ్రంథాన్ని తప్పక చదవండి, కానీ ఒంటరిగా చదవకండి. ప్రతి అధ్యాయం చివర ఈ ప్రశ్న వేసుకోండి: ఈ సంఘటన జరిగేటప్పుడు మిగిలిన రెండు దళాలు ఎక్కడున్నాయి? స్థానిక పోరాటయోధులు ఏం చేస్తున్నారు? జవాబు ఆ పుటల్లో దొరకకపోతే అది మరో గ్రంథంలో వెతకవలసిన చోటు.