జానెడు వీణ, నిలువెత్తు లెక్క

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వారు చెక్కే చిన్న వీణను అలంకార వస్తువని తీసిపారేసేవాళ్లతో నాకు పాత పేచీ ఉంది. సన్మాన సభల్లో శాలువాతో పాటు చేతిలో పెట్టేది కదా అని చిన్నచూపు. ప్రపంచంలో నమూనాల పనికి ఎన్ని పరీక్షలున్నాయో అన్నీ దానికి పెట్టి చూడండి. మంచి చేతిలోంచి వచ్చిన వీణ అన్నిటా నెగ్గుతుంది.

ఆ పరీక్షలేమిటో యుద్ధ ట్యాంకుల నమూనాలు కట్టే అభిరుచిగాళ్లను అడగాలి. జపాన్‌లోని షిజువోకాలో టమియా కంపెనీ 1960ల మొదట్లో జర్మన్ పాంథర్ ట్యాంకును చిన్నగా చేసింది. లోపల మోటారూ బ్యాటరీలూ పట్టేలా ఒళ్లు సరిచూసుకుంటే అసలు ట్యాంకులో ముప్పై అయిదో వంతు తేలింది. అవసరానికి కుదిరిన ఆ కొలతే తర్వాత లోకంలో సైనిక నమూనాలకు శాసనమైంది. పెట్టెలో వచ్చిన ముక్కలు అతికించి ఊరుకుంటే అక్కడ ఎవరూ మెచ్చరు. ట్యాంకు చక్రాల మీది రేకు మూడు మిల్లీమీటర్ల మందమైతే, నమూనాలో మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండకూడదు. ప్లాస్టిక్‌తో అది కాదు కనుక ఆ భాగం కోసి పారేసి పల్చని ఇత్తడి రేకు వంచి పెడతారు. బెల్జియం వాడు ఫ్రాంస్వా వెర్లిండెన్ పల్చటి ముదురు రంగును సందుల్లోకి పారించి, ఆరిన బ్రష్షుతో అంచుల మీద లేత రంగు రుద్ది, అరచేతి ట్యాంకుకు నీడనీ వెలుగునీ ఇచ్చేవాడు. అమెరికాలో షెపర్డ్ పెయిన్ 1970లలో మోనోగ్రామ్ కంపెనీ పెట్టెల్లో వచ్చిన కరపత్రాల ద్వారా ఒక తరానికి పని నేర్పాడు. మహానుభావులే, కాదనను. కానీ వాళ్లకు ముక్కలు పెట్టెలో పోసి ఇస్తారు. గొల్లపల్లి వాడికి ఇచ్చేది పనస దుంగ.

బొబ్బిలి వీణ గొప్పంతా ఏకాండిలో ఉంది. కుండా దండీ విడివిడిగా చేసి అతికించరు, ఒకే దుంగలోంచి తీస్తారు. తంజావూరు పక్షం వారికి కోపం వచ్చినా సరే, ఈ విషయంలో నేను బొబ్బిలి వాణ్ణే. పెద్ద వీణకు దుంగను చెక్కి, ఉలితో కుండ తొలవడం ఓపిక పని. నాలుగున్నర అడుగుల వీణను జానెడుకు దింపితే ఆరో వంతు. అక్కడ ఓపికతో పాటు భయం కూడా కావాలి. ఎందుకంటే వీణ ఎంత చిన్నదైనా చెక్కలోని నార చిన్నదవదు. దండి చివర చెక్కే యాళి, అంటే సింహపు తల, పెద్దదైతే దాని మెడలో నార కలిసొస్తుంది. గోరంత యాళిలో అదే నార అడ్డం తిరిగి, ఉలి మొన తగలగానే పన్ను ఊడిపోతుంది. ఆ నార ఎటు పోతోందో చూసి, దానికి లొంగుతూనే యాళి నోరు తెరిపించిన పనివాడికి దండం పెట్టాలి. కోరలు, గుడ్లు, మెడ వంపు, జూలు, అన్నీ బొటనవేలు పట్టేంత చోటులో! అలాంటి యాళిని ఒకసారి చేతిలోకి తీసుకుంటే కింద పెట్టబుద్ధి కాదు.

అసలు పరీక్ష మెట్ల దగ్గర. వీణకు ఇరవై నాలుగు మెట్లు, రెండు స్థాయిలు. తీగ పొడవులో సరిగ్గా సగం దగ్గర పన్నెండో మెట్టు రావాలి. మిగతా పన్నెండూ ఆ మిగిలిన సగంలో మళ్లీ సగంలోనే ఇమడాలి. అందుకే మెట్ల సందు కుండ వైపు వచ్చేకొద్దీ ఇరుకవుతుంది. జానెడు వీణలో ఆ చివరి పన్నెండు మెట్లకూ దొరికే చోటు ఒకటిన్నర అంగుళం లోపే. పెద్ద వీణలో మెట్లు మైనంలో కూర్చుంటాయి కనుక, చెవి ఒప్పుకొనే దాకా జరుపుకోవచ్చు. చిన్నదానిలో చెవి సాయం లేదు. కన్నే శ్రుతి పట్టాలి.

ఇక తీగ దగ్గర లెక్క ఓడిపోతుంది. సారణి తీగను ఆరో వంతుకు సన్నం చేస్తే తల వెంట్రుక కన్నా సన్నమవుతుంది, బిరడకు చుట్టేలోపే తెగుతుంది. కాబట్టి తీగ ఒక్కటీ కాస్త లావుగా వేసి, బిరడలను కాస్త బలంగా ఉంచి, ఆ అబద్ధం కంటపడకుండా గుర్రం ఎత్తు సర్దుతారు. ఎక్కడ రాజీ పడాలో, ఎక్కడ పడకూడదో తెలియడమే నమూనా విద్య. ట్యాంకు రేకు దగ్గర జపాన్ వాడికీ, తీగ దగ్గర బొబ్బిలి వాడికీ ఎదురయ్యే చిక్కు ఒకటే.

చరిత్రంటారా, రెండు ముక్కల్లో చెప్తాను. ఇరవై నాలుగు మెట్ల వీణను తంజావూరు రఘునాథ నాయకుడు కుదిర్చాడంటారు. ఆ వీణకు మా వైపు బొబ్బిలి సంస్థానం నీడనిచ్చింది. 1757 బొబ్బిలి యుద్ధంలో ఆ సంస్థానపు కోట కూలినా వీణ విద్య కూలలేదు. పక్కనే విజయనగరంలో వీణ వెంకటరమణదాసు గారు ఆస్థానాన్ని వీణతో నింపారు. 2011లో బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాగితం వచ్చింది, సంతోషం. కడుపు మండే మాట ఇప్పుడు చెప్పాలి.

ఆ గుర్తింపు ఎవడికి అడ్డొచ్చింది? ఏ జ్ఞాపికల దుకాణంలోనైనా చూడండి. మెత్తటి చెక్క ముక్కలు మూడు జిగురుతో అతికించి, పైన మెరిసే వార్నిష్ కొట్టి, అచ్చులో పోసిన యాళి తల తగిలించి ‘బొబ్బిలి వీణ’ అని అమ్ముతున్నారు. మెట్లు పదో పన్నెండో, నిచ్చెన మెట్లలా సమాన దూరంలో! సరస్వతి చేతిలోని వాద్యానికి అది అవమానం. పెద్దమనుషులు వేదికల మీద దాన్నే అందుకుని ఫొటోలు దిగుతున్నారు. రోజుల తరబడి ఉలి పట్టినవాడి వీణకూ, పూటలో అతికించిన దానికీ ఒకే ధర కడితే, గొల్లపల్లి కుర్రాడు విశాఖపట్నం కూలికి పోక ఏం చేస్తాడు? ముదురు పనస చెట్లు కలపకు పోతుంటే, రేపు మనవడికి చెక్కడానికి దుంగ ఎక్కణ్ణుంచి తెస్తాం?

అడిగేవి పెద్ద కోర్కెలు కావు. సన్మానాలకు వీణలు కొనే ప్రభుత్వ శాఖలు ఏకాండి వీణలే కొనాలి, కుండ అడుగున చెక్కిన వాడి పేరు ఉండాలి. బొబ్బిలి చుట్టుపక్కల చెరువు గట్ల మీద పనస మొక్కలు నాటాలి. కొనేవాళ్లు చేయాల్సింది మరీ తేలిక. దుకాణానికి ఒక దారప్పోగు పట్టుకెళ్లండి. దండి పైన తీగ మొదలయ్యే చోటు నుంచి గుర్రం దాకా కొలిచి దారాన్ని మధ్యకు మడవండి. మడత పన్నెండో మెట్టు మీద పడితే బేరమాడకుండా డబ్బిచ్చి తెచ్చుకోండి. పడకపోతే, అందరూ వినేలా చెప్పి మరీ అక్కడే వదిలేసి రండి.