రెండు పొయ్యిల చాయ్

హైదరాబాద్‌లో ఇరానీ చాయ్ పేరుతో మనం తాగేది ఇరాన్‌లో దొరకదు. అక్కడ టీలో పాలు పోయరు. చిన్న గాజు గ్లాసులో ఎర్రటి డికాక్షన్ పోసుకుని, చక్కెర గడ్డ పంటి కింద పెట్టుకుని, దాని మీదుగా కొంచెం కొంచెం చప్పరిస్తారు. చిక్కటి పాలు, పక్కన ఉస్మానియా బిస్కట్, సాసర్‌లో ఒంపుకుని ఊదుకోవడం, ఇవన్నీ ఇక్కడికి వచ్చాక కుదిరిన అలవాట్లు. పేరు వాళ్లది, రుచి ఈ ఊరిది.

ఇరాన్‌లోని యజ్ద్, కెర్మాన్ ప్రాంతాల నుంచి పందొమ్మిదో శతాబ్దం చివర్లో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చాలామంది బతుకుదెరువు కోసం బొంబాయి చేరారు. అక్కడి నుంచి కొందరు పుణెకు, కొందరు హైదరాబాద్‌కు వచ్చారు. నిజాం రాజ్యంలో 1880ల దాకా పాలనా భాష పారసీయే. కాబట్టి వాళ్లకు ఇది మరీ పరాయి ఊరేమీ కాదు. ఇరానీ హోటళ్లలో అబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది. చార్మినార్‌ను ఆనుకున్నట్టుండే నిమ్రా కేఫ్ మాత్రం 1993లో వచ్చింది. ఇప్పుడు ఇరానీ హోటల్ అని బోర్డున్న చాలా చోట్ల గల్లా పెట్టె దగ్గర కూర్చునేవాళ్లు ఇరానీలు కారు. చేతులు మారినా తయారీ పద్ధతి మాత్రం చాలావరకు మారలేదు.

ఆ పద్ధతికి మూలం ఒక చిక్కు ప్రశ్న. మామూలు టీ పొడిలో ఉన్న సారమంతా దించాలి, దాంతోపాటు దిగే వగరు నాలుకకు తగలకూడదు. దీనికి ఇరానీ హోటల్ చెప్పిన జవాబు రెండు పొయ్యిలు. ఒక దాని మీద డికాక్షన్, ఇంకో దాని మీద పాలు. రెండూ కలిసేది కప్పులోనే.

ముందు పొడి సంగతి. మన దేశంలో పాలు పోసి తాగే టీకి వాడేది ఎక్కువగా సీటీసీ రకం. 1930లో అస్సాంలోని ఆమ్‌గురి తోటలో విలియం మెక్‌కెర్చర్ తయారుచేసిన యంత్రంతో ఈ పద్ధతి మొదలైంది. పళ్లున్న రోలర్ల మధ్య ఆకు నలిగి, చిరిగి, చిన్న చిన్న గింజల్లా చుట్టుకుంటుంది. అలా చిరిగిన ఆకుకు గాలి బాగా తగిలి అందులోని పాలీఫినాల్స్ చాలా త్వరగా మారిపోతాయి. వాటి నుంచి పుట్టే థియాఫ్లావిన్లు టీకి మెరుపునూ చురుకునూ ఇస్తే, థియారూబిజిన్లు ముదురు రంగునూ నిండుదనాన్నీ ఇస్తాయి. తయారైన టీని జల్లెడ పట్టినప్పుడు అడుక్కి దిగే సన్నటి పొడే డస్ట్ టీ. డస్ట్ అంటే నాసిరకమని చాలామందికి అనుమానం. అది సైజును చెప్పే గ్రేడు మాత్రమే, మంచి తోటలోనూ డస్ట్ వస్తుంది. పొడి ఎంత సన్నగా ఉంటే సారం అంత వేగంగా దిగుతుంది. పూటకు వందల కప్పులు అమ్మే హోటల్‌కు కావలసింది అదే.

భయపడాల్సింది కల్తీకి. రంగు కలిపిన పొడిని ఇంట్లోనే పట్టుకోవచ్చు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పే పరీక్ష చాలా తేలిక. వడపోత కాగితం మీద కొంచెం పొడి చల్లి, నీళ్లు చిలకరించి, తర్వాత పొడిని కడిగేసి కాగితాన్ని వెలుతురులో పట్టుకుని చూడాలి. కృత్రిమ రంగు కలిపి ఉంటే వెంటనే మరకలు దిగుతాయి.

ఇక నీళ్లు. టీ మాస్టర్లు పొడి గురించి ఎంత మాట్లాడతారో నీళ్ల గురించీ అంతే మాట్లాడతారు. బోరు నీళ్లతో పెట్టిన బ్లాక్ టీని ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, వెలుతురుకు వంచి చూడండి. పైన సన్నటి పొర, నూనె తేలినట్టు, అక్కడక్కడా పగుళ్లతో కనిపిస్తుంది. అది నూనె కాదు. నీళ్లలోని కాల్షియం, టీలోని పాలీఫినాల్స్, గాలి కలిసి కట్టిన తెట్టు. దానివల్ల ఒంటికి ప్రమాదమేమీ లేదు గానీ రంగు మొద్దుబారుతుంది, వాసన చప్పబడుతుంది. కొత్త ఏరియాలో హోటల్ పెట్టి, అదే పొడి, అదే మాస్టర్ ఉన్నా పాత రుచి రావడం లేదని తల పట్టుకునేవాళ్లు ముందు చూసుకోవలసింది నీళ్లనే.

డికాక్షన్‌ను దమ్ మీద పెడతారు. నీళ్లు మరిగాక పొడి వేసి, మూత బిగించి, ఆవిరి పోకుండా అంచుకు గుడ్డ చుట్టో, గోధుమపిండి ముద్ద అంటించో సన్న సెగ మీద వదిలేస్తారు. బిర్యానీకి చేసే పనే ఇక్కడా చేస్తారు. టీకి వాసననిచ్చే పదార్థాలు ఆవిరితో ఎగిరిపోయే రకం. మూత లేకుండా సలసలా మరిగిస్తే ఆ పరిమళం వంటగదిలోకి పోతుంది, గిన్నెలో చేదు మిగులుతుంది. మూత కింద సన్న సెగ మీద ఉంటే పరిమళం చాలావరకు నిలుస్తుంది. కాకపోతే ఎక్కువసేపు ఉండే కొద్దీ వగరునిచ్చే టానిన్లు కూడా పూర్తిగా దిగుతాయి. దమ్ డికాక్షన్‌ను ఒట్టిగా ఒక చెంచా నోట్లో వేసుకుంటే నాలుక మొద్దెక్కి, చిగుళ్లు బిగుసుకున్నట్టవుతుంది. పచ్చి అరటికాయ కొరికితే ఎలా ఉంటుందో అలా.

ఆ వగరుకు విరుగుడు రెండో పొయ్యి మీద ఉంది. గేదె పాలలో వెన్న ఆరేడు శాతం ఉంటుంది, ఆవు పాలలో దాదాపు సగమే. అలాంటి గేదె పాలను అడుగంటకుండా తిప్పుతూ బాగా మరగనిచ్చి చిక్కబెడతారు. కొన్ని చోట్ల కోవా కలుపుతారు, కొన్ని చోట్ల యాలకులు వేస్తారు. అల్లం మాత్రం సాధారణంగా ఇరానీ చాయ్‌లో పడదు. మరిగే కొద్దీ నీరు తగ్గి, పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ చిక్కబడుతుంది. ఈ కేసీన్ టానిన్లను పట్టేసుకుంటుంది. మామూలుగా టానిన్లు మన లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకోవడం వల్లే వగరు తెలుస్తుంది. కప్పులోనే కేసీన్ వాటికి దొరికితే నోటి దాకా ఆ పని రాదు. ఘాటు ఉంటుంది, వగరు ఉండదు. ఇరానీ చాయ్ గుట్టంతా ఇంతే.

రెండింటినీ ముందే కలిపి ఒకే గిన్నెలో మరిగిస్తే ఏం పోయిందని అడగొచ్చు. ఇళ్లలో, టీ కొట్లలో చేసేది అదే, అది బాగానే ఉంటుంది. అయితే అక్కడ ప్రతి కప్పూ ఒకే రకం. ఇరానీ హోటల్‌లో మాస్టర్ ముందు కప్పులో డికాక్షన్ పోసి, పైనుంచి గరిటెతో పాలు వదులుతాడు. ఖడక్ కావాలన్నవాడికి డికాక్షన్ ఒక వేలు ఎక్కువ, మలాయ్ అడిగినవాడికి పైన ఒక చెంచా మీగడ. కొలత గ్లాసేదీ ఉండదు. కప్పులో పాలు పడుతుండగా తేలే రంగే కొలత. అది ఇటుక రంగు నుంచి తేనె రంగుకు తిరిగే చోట చెయ్యి ఆగుతుంది.

నడిపేవాళ్ల కష్టం వేరే. ఖర్చులో పెద్ద వాటా పాలది, తర్వాత గ్యాస్, అద్దె, జీతాలు. పాలు చిక్కబడే కొద్దీ లాభం పల్చబడుతుంది. డికాక్షన్‌ను ఎంత మంచి దమ్ మీద పెట్టినా గంటల తరబడి ఉంచితే మెరుపు పోయి మట్టి రంగుకు దిగుతుంది. అందుకే పేరున్న చోట్ల కొంచెం కొంచెంగా మళ్లీ మళ్లీ పెడతారు. ఒక టీ తెప్పించుకుని వన్ బై టూ చేసి గంట కూర్చునేవాళ్లే ఈ హోటళ్లకు కళ తెచ్చారు. నగరం నడిబొడ్డున అద్దెలు పెరిగేసరికి ఆ కూర్చోవడమే భారమైంది. పాలరాతి బల్లలు, చెక్క కుర్చీలు తీసేసి నిలబడి తాగే కౌంటర్లు వచ్చాయి. బిందెలకొద్దీ పాలు మరిగించిన చోట ఇప్పుడు కొందరు పాలపొడితో చిక్కదనం తెస్తున్నారు.

కూర్చుని తాగడం పోయి నిలబడి తాగడం వచ్చిన ఈ మార్పుకు ఆరోగ్యంతో సంబంధం ఉంది. టీ మంచిదా చెడ్డదా అని వాదించుకుంటాం గానీ జవాబు ఎక్కువగా ఎంత, ఎప్పుడు, ఎంత వేడిగా అన్న మూడు ప్రశ్నల్లో ఉంటుంది. పాత ఇరానీ హోటల్ మర్యాదల్లో వాటిలో కొన్నింటికైనా తెలియకుండానే ఒక అదుపు ఉండేది.

వేడి విషయం చూద్దాం. 65 డిగ్రీల సెల్సియస్ కంటే వేడిగా తాగే పానీయాలు బహుశా క్యాన్సర్ కారకాలని 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. దోషం టీది కాదు, వేడిది. దీనికి బలమైన ఆధారాల్లో ఒకటి ఇరాన్ నుంచే వచ్చింది. ఈశాన్య ఇరాన్‌లోని గోలెస్తాన్‌లో అన్నవాహిక క్యాన్సర్ చాలా ఎక్కువ. అక్కడ సుమారు 50 వేల మందిని ఏళ్ల తరబడి గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. 60 డిగ్రీలు, ఆపైన వేడితో రోజుకు 700 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ టీ తాగేవాళ్లకు, అంతకంటే తక్కువ వేడితో, తక్కువ టీ తాగేవాళ్లతో పోలిస్తే ఆ ముప్పు 90 శాతం ఎక్కువని తేలింది. మన సాసర్ చేసే మేలు ఇక్కడ తెలుస్తుంది. వెడల్పుగా పరుచుకున్న టీ త్వరగా నోరు ఓర్చుకునే వేడికి వస్తుంది. కాగితపు కప్పుకు మూత పెట్టి బండి మీద పట్టుకుపోయే టీకి ఆ వెసులుబాటు లేదు.

ఎప్పుడు తాగాలన్నది రెండో ప్రశ్న. మన ఊళ్లలో టిఫిన్ తినగానే టీ పడాలి. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దంటున్నాయి. టీ తోటల నడుమ కూనూర్‌లో 1918లో పుట్టి, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన సంస్థ అది. వాళ్లు చెప్పే కారణం టానిన్లే. పప్పులు, ఆకుకూరలు, గింజల్లో ఉండే ఇనుమును అవి కడుపులోనే పట్టేసి రక్తంలోకి చేరకుండా చేస్తాయి. మాంసంలోని ఇనుము మీద వాటి ప్రభావం తక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటా సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉంది. దానికి టీ ఒక్కటే కారణం కాదు. కానీ గర్భిణి ఐరన్ మాత్రను టీతో మింగితే ఆ మాత్ర చాలావరకు వృథా అవుతుంది. అన్నంలో నిమ్మకాయ పిండుకుంటే అందులోని సి విటమిన్ ఇనుము ఒంటపట్టడానికి సాయపడుతుంది. టీని ఒక గంట జరపడానికి అయితే పైసా ఖర్చు కూడా ఉండదు.

ఎంత అన్నది మూడోది. అవే మార్గదర్శకాల ప్రకారం టీ కప్పులో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, రోజు మొత్తానికి 300 దాటకూడదు. ఇరానీ కప్పు చిన్నదే గానీ డికాక్షన్ చిక్కన. కాబట్టి కప్పు సైజు చూసి మోసపోవద్దు. తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికి పెద్దవాళ్లలో సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన చాయ్ రాత్రి పదకొండుకు కూడా ఒంట్లో సగం పని చేస్తూనే ఉంటుంది. నిద్ర పట్టడం లేదని మాత్రలు అడిగేవాళ్లు ముందు ఆ చాయ్ మానేసి చూడాలి.

మేలు మాటా చెప్పాలి. బ్రిటన్‌లో సుమారు 5 లక్షల మంది సమాచారంతో 2022లో వచ్చిన అధ్యయనంలో రోజుకు రెండు కప్పులు, అంతకు మించి టీ తాగేవాళ్లలో మరణాలు 9 నుంచి 13 శాతం తక్కువగా కనిపించాయి. అది గమనించి చెప్పిన సంబంధమే, టీ వల్లే ఆయుష్షు పెరిగిందన్న రుజువు కాదు. పైగా వాళ్ల టీలో పాలు కొంచెమే, మన ఇరానీ చాయ్‌లో సగం.

అన్నిటికన్నా పెద్ద సమస్య చక్కెర. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు సుమారు 25 గ్రాములలోపు ఉంచుకుంటే మేలంటోంది. రెండు చెంచాల చక్కెర పడిన కప్పులు మూడు తాగితే ఆ కోటా అయిపోతుంది, బిస్కట్ల లెక్క వేరే. చాలా ఇరానీ హోటళ్లలో చక్కెర డికాక్షన్‌లోనో పాలలోనో ముందే కలిసిపోయి ఉంటుంది. మధుమేహం ఉన్నవాడు తగ్గించమని అడిగినా మాస్టర్ చేతిలో ఏమీ ఉండదు.

అందుకే ఈ సంప్రదాయాన్ని నిలబెట్టాలనుకునే హోటల్ యజమానికి చెప్పాల్సింది ఇంతే. చక్కెర లేని డికాక్షన్, చక్కెర లేని పాలు చిన్న గిన్నెల్లో విడిగా ఉంచాలి, కప్పు చిన్నదిగానే ఉండాలి, సాసర్ తీసేయకూడదు, నాలుగు కుర్చీలైనా మిగల్చాలి. రెండు పొయ్యిల పద్ధతిలో ఏ కప్పుకు ఆ కప్పు కలుపుతారు కాబట్టి చక్కెర లేని చాయ్ ఇవ్వడం ఇరానీ హోటల్‌కు సాధ్యం, ఒకే గిన్నె టీ కొట్టుకు కష్టం. తాగేవాళ్లు చేయవలసింది ఇంకా తక్కువ. తిండికి గంట ఎడం, రోజుకు రెండు మూడు కప్పులు, పొద్దు గూకాక వద్దు. వేరే జబ్బులేమీ లేనివాళ్లు ఈ హద్దుల్లో ఉంటే మంచి చాయ్ చూసి భయపడాల్సిన పని లేదు. పాలు నిజంగా మరిగించినవో కాదో మాత్రం అడిగి తెలుసుకోవాలి.