గుడ్‌విల్ టీకొట్టు దగ్గరుంది

చిన్న షాపుల లెక్కలు రాసే మాలాంటివాళ్ళకు ఒక ముచ్చట తప్పదు. ఏటా రిటర్నుల సమయంలో "అమ్మకాలు కాస్త తగ్గించి చూపండి సార్" అని వెంటపడ్డ మనిషే, షాపు ఇచ్చేసే నాడు "అసలు వ్యాపారం దీనికి రెట్టింపండీ" అంటాడు. కొనేవాడు నవ్వి ఊరుకుంటాడు. అతనికి లోనివ్వాల్సిన బ్యాంకు ఆ నవ్వు కూడా నవ్వదు, పాత రిటర్నులు పట్టుకురమ్మంటుంది. ఇన్నేళ్ళూ మిగిలిందనుకున్న పన్ను ఒక్క బేరంలో పోతుంది. అందుకే, దిగిపోవాలన్న ఆలోచన ఉంటే మూడు నాలుగేళ్ళ ముందునుంచే ఒకటే పుస్తకం రాయమంటాను. వినేవాళ్ళు తక్కువే.

ఈమధ్య మా పేట మెడికల్ షాపాయన వచ్చారు. డెబ్బై దగ్గరపడ్డాయి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, కొడుకు కౌంటర్లో కూర్చునే రకం కాదు. "స్టాకు, ఫ్రిజ్జు, ర్యాకులు కలిపి ఎంత పలుకుతుందంటారు?" అన్నారు. స్టాకు తేలికే. కొన్న రేటుకి కడతారు, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డవి పక్కన పెడతారు. తేలనిది గుడ్‌విల్. అదెక్కడుందో ఆయన షాపులో కాసేపు కూర్చుంటే తెలిసింది.

ఒకావిడ వచ్చి, "పొద్దున్నే వేసుకునే ఆ చిన్న తెల్ల బిళ్ళ" అంది. డాక్టరు చీటీ చేతి సంచిలోనే ఉందట, తీయనేలేదు. ఈయన వెనక్కి తిరగకుండానే చెయ్యి సరైన అరలోకి వెళ్ళింది. ఆవిడ డబ్బులు పెన్షన్ పడ్డాకే ఇస్తుందనీ ఆయనకు తెలుసు. ఎక్కడా రాసి లేదు. తర్వాత ఆయన టీకి వెళ్ళారు. అప్పుడొచ్చిన ఒకతను కుర్రాణ్ణి చూసి, "పెద్దాయన లేరా? సరే, సాయంత్రం వస్తాలే" అని వెళ్ళిపోయాడు. అంటే ఆ కాసేపూ గుడ్‌విల్ టీకొట్టు దగ్గరుంది. దాన్ని కొనేవాడికి ఎలా అప్పజెప్తాం?

ఒక వారం కొడుకు దగ్గరికెళ్ళి రమ్మన్నాను. ఆ వారం గల్లాలో పడ్డదే షాపు సొంత సంపాదన, మిగతాది ఆయన మొహం చూసి వచ్చేది. నెలనెలా మందులు తీసుకెళ్ళేవాళ్ళ పేర్లు, మందులు, అరువులు ఆయన తలలోంచి కంప్యూటర్లోకి ఎక్కాలి. కుర్రాడు జనానికి అలవాటు కావాలి. ఇదంతా ఒంట్లో ఓపికున్నప్పుడే అయ్యే పని.

ఇక కాగితాలు. డ్రగ్ లైసెన్సు షాపుతోపాటే వెళ్తుందనుకుంటారు చాలామంది. వెళ్ళదు. యాజమాన్యం మారితే పాతది మహా అయితే 3 నెలలు చెల్లుతుంది, ఈలోగా కొత్తది తెచ్చుకోవాలి. జీఎస్టీ నంబరూ అంతే. సొంత షాపైతే అది ఆయన పాన్ మీదే ఉంటుంది. మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్ మాత్రం ఐటీసీ-02 ఫారంతో కొత్తాయనకు మార్చొచ్చు, సీఏ సర్టిఫికెట్ జతచేసి. అప్పులూ కొత్తాయనకే అని అగ్రిమెంట్లో ఉండాలి. అమ్మేనాటికి ఉన్న జీఎస్టీ బకాయికి, 2017 చట్టం 85వ సెక్షన్ ప్రకారం, అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ బాధ్యులే. బిల్డింగ్ ఓనరు ఒప్పుకోకపోతే వీటిలో ఏదీ పనికిరాదన్నది వేరే సంగతి.

"పక్క వీధిలో మళ్ళీ షాపు పెట్టనని రాసివ్వాలి" అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. "ఈ వయసులో నాకింకో షాపెందుకండీ?"

"మీకోసం కాదండీ, కొనేవాడికి నిద్రపట్టాలిగా."

వ్యాపారం చేయనని రాయించుకునే ఒప్పందాలు మామూలుగా మన దేశంలో చెల్లవు. గుడ్‌విల్ అమ్మినవాడు ఫలానా పరిధిలో చేయనంటే మాత్రం, ఆ హద్దు సబబైనదైతే, 1872 కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ఒప్పుకుంటుంది. ఆ మాట చెప్పాక మెత్తబడ్డారు. కొన్నాళ్ళు జీతం తీసుకుని షాపులో కూర్చుని, వచ్చినవాళ్ళను కొత్తాయనకు పరిచయం చేయమన్నదానికీ సరేనన్నారు. ఒక షరతు మాత్రం తానే రాయించారు: కూర్చునేది పొద్దున పూటే, గల్లాపెట్టె తాళం ముట్టనని.