ప్రక్క వాకిలి, దొడ్డిదారి: పోకెమాన్ ఆటలపై ఒక విమర్శ

హరికథల మీద, నాటకముల మీద, పిల్లల పద్యపఠనము మీద విమర్శలు చదువుట మన పాఠకులకు అలవాటు. ఫోనులో ఆడే ఆట మీద విమర్శ ఏమిటని పెద్దలు కొందరు నవ్వవచ్చును. నవ్వినా పరవాలేదు. కాలిఫోర్నియాలో మా శనివారపు తెలుగు తరగతికి వచ్చే పిల్లలలో ఈ ఆట తెలియనివారు లేరు. పిల్లలు దేనిమీద పోట్లాడుకొంటున్నారో తెలియని ఉపాధ్యాయుడు వారికి గుణింతము కూడ సరిగా నేర్పలేడని మా అనుభవము. అదియును గాక, ఈ పోట్లాటలో మన సంగతి కూడ ఒకటి ఇమిడి ఉన్నది.

ముందుగా ఆట తెలియని వారికొరకు రెండు మాటలు. పోకెమాన్ జపానులో పుట్టినది. సతోషి తజిరి అనే ఆయన చిన్నతనములో పురుగులను పట్టి పోగుచేసేవాడు. ఆ సరదానే పెద్దయిన తరువాత ఆటగా మలచినాడు. 1996లో జపానులోను, 1998 సెప్టెంబరులో అమెరికాలోను అది వచ్చినది. వింతజీవులను పట్టుకొనుట, పెంచుట, పోటీకి దింపుట, ఇతరులతో మార్చుకొనుట, ఆట అంతా ఇంతే. అమెరికాలో ఎరుపు, నీలము అని రెండు రకములుగా అమ్మినారు. ఎరుపులో దొరికే జీవులు కొన్ని నీలములో దొరకవు, నీలములోనివి కొన్ని ఎరుపులో దొరకవు. కాబట్టి ఒంటరిగా కూర్చున్నవాడి సేకరణ ఎన్నటికీ నిండదు. పొరుగువాడి యంత్రముతో తన యంత్రమును తీగతో కలిపి మార్చుకొనవలసినదే. ఇచ్చిపుచ్చుకొనుట ఈ ఆటకు అలంకారము కాదు, పునాది.

ఈ పునాది మీద కట్టిన పెద్ద ఇంటికి ప్రక్కన చిన్న చిన్న గదులు చాలా వేసినారు. తగవులన్నీ ఆ ప్రక్క గదుల గురించే. అసలు ఆట బాగున్నదని అందరూ ఒప్పుకొంటారు. ప్రక్క గది దగ్గరకు వచ్చేసరికి ఒకరు ‘ఇదే ప్రాణము’ అంటారు, మరొకరు ‘ఇది అనవసరము, తీసివేయండి’ అంటారు. ఆ గదులను మేము మూడు ప్రశ్నలతో చూస్తాము. ఆ గది మనిషిని తిరిగి పెద్ద ఇంటిలోకి తెస్తున్నదా? లోపలికి వెళ్లుటకు ఎవరు ఎంత చెల్లించుకొంటున్నారు? దానికి తాళము వేస్తే బయట మిగిలేది ఎవరు?

మొదటి ఆటలోనే ఒక జూదపు గది ఉన్నది. నాణెములు వేసి చక్రములు తిప్పవలెను. గెలిచిన నాణెములతో జీవులను కొనుక్కొనవచ్చును. పోరిగాన్ అనే జీవి ఆ గదిలో తప్ప మరెక్కడా దొరకదు. పదేళ్ల పిల్లవాడిని జూదపు యంత్రము ముందు కూర్చోబెట్టి, నీ సేకరణ నిండవలెనంటే ఇది తిప్పు అనుట మాకు ఏనాడూ నచ్చలేదు. 2010లో అమెరికాకు వచ్చిన హార్ట్‌గోల్డ్, సోల్‌సిల్వర్ ఆటలలో ఆ యంత్రములను తీసివేసి, అంకెలను చూసి ఆలోచించి పలకలు తిప్పే ఆటను పెట్టినారు. పాతదే బాగుండెనని వాపోయిన వారున్నారు. మేము మాత్రము ఆ తాళము సరియైన తాళమే అంటాము. ఆ గది మూసినందువలన ఏ పిల్లవాడూ బయట మిగలలేదు.

2003లో అమెరికాకు వచ్చిన రూబీ, సఫైర్ ఆటలలో ప్రదర్శనల గది తెరిచినారు. అక్కడ దెబ్బలాట లేదు. ఠీవి, అందము, ముద్దు, తెలివి, గట్టితనము అని ఐదు తరగతుల పోటీలు. పండ్లు కలిపి చేసిన తినుబండారములు పెట్టి జీవిని తీర్చిదిద్ది వేదిక ఎక్కించవలెను. పోరాటమే ఆట అనుకొనే మగపిల్లలు దీనిని చూసి ముక్కు విరిచినారు. మా బడిలో అప్పుడు ఒక అమ్మాయి ఉండేది, నలుగురిలో నోరు విప్పేది కాదు. పోరాటములలో ఆమెను ఎవరూ చేర్చుకొనేవారు కారు. ఏ పండుతో ఏ పండు కలిపితే ఏ గుణము పెరుగుతుందో మాత్రము ఆమెకే తెలుసును. నెల తిరగకముందే ఆ ముక్కు విరిచినవారే విరామ సమయములో ఆమె బల్ల చుట్టూ చేరినారు. ప్రక్క గది ఆమెను పెద్ద ఇంటిలోకి తెచ్చినది. మా మొదటి ప్రశ్నకు ఇంతకంటె మంచి జవాబు ఉండదు.

ఇదే కథలో రెండవ భాగము వినదగినది. 2005లో వచ్చిన ఎమరాల్డ్ ఆటలో ఆరితేరిన వారి కొరకు బ్యాటిల్ ఫ్రాంటియర్ అనే పోరాటపు ప్రాంగణము కట్టినారు. 2014లో రూబీ, సఫైర్ ఆటలను క్రొత్తగా తీర్చి తెచ్చినప్పుడు ప్రదర్శనలను ఉంచినారు, ఆ ప్రాంగణమును తేలేదు. పోరాటవీరులు గగ్గోలు పెట్టినారు. తనకు ప్రియమైన గదికి తాళము పడితే ఎట్లుంటుందో అప్పుడు వారికి తెలిసివచ్చినది. ఎవరికి వారు తన గది గర్భగుడి అనియు, ఎదుటివాడి గది వంటపాక అనియు అనుకొనుట లోకసహజము.

ఇక అన్నిటికంటె పెద్ద తగవు. 2016 జులై 6న అమెరికాలో పోకెమాన్ గో వచ్చినది. శాన్ ఫ్రాన్సిస్కోలోని నయాంటిక్ కంపెనీ దానిని నడిపినది, 2025లో స్కోప్లీ కంపెనీకి 350 కోట్ల డాలర్లకు తన ఆటల వ్యాపారము అమ్మివేసినది. ఈ ఆటకు ఇంటిలో కూర్చుంటే కుదరదు. ఫోను పట్టుకొని వీధిలో నడవవలెను. ఆ 2016 ఆగస్టులోనే ఫిజీకి కూడ వచ్చినది. లంబాసాలోని మన పిల్లలు, శాక్రమెంటోలోని మన పిల్లలు ఒకే ఆట ఆడుట అప్పుడు మొదలైనది.

నడిపించే ఆట మంచిదే. కాని ఏ వీధిలో నడవవలెను? ఆటలోని మజిలీలు అదే కంపెనీ వారి పాత ఆట ఇంగ్రెస్‌లో ఆటగాళ్లు సూచించిన స్థలముల నుండి వచ్చినవి. ఆ పాత ఆట ఆడినవారు ఎక్కడ తిరిగినారో అక్కడ మజిలీలు దట్టము. 2016లో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ వారు వాషింగ్టన్ నగరములో లెక్క చూస్తే, తెల్లవారు ఎక్కువగా ఉండే పేటలలో సగటున 55, నల్లవారు ఎక్కువగా ఉండే పేటలలో 19 తేలినవి. పల్లెలలో ఇంకను తక్కువ. చెరకు తోటల నడుమ ఉన్న ఇంటికి గుడి ఒకటి, బడి ఒకటి, అంతే. పటము గీసినవాడు చూడని ఊరు పటములో ఉండదు. ఈ సంగతి మన పూర్వులకు మనము చెప్పనక్కరలేదు.

2017లో రెయిడ్ అనే గది తెరిచినారు. ఒక స్థలములో బలమైన జీవి దిగుతుంది. దానిని గెలుచుటకు అనేకులు ఒకే సమయమునకు అక్కడ చేరవలెను. ఊరి మధ్య పార్కులో ఇది పండుగ. పల్లెలో ఒక్కడు నిలబడి చూసి తిరిగి రావలసినదే. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ వలన లోకమంతా తలుపులు వేసుకొన్నప్పుడు, రిమోట్ రెయిడ్ పాసు వచ్చినది. ఇంటినుండియే చేరవచ్చును. కొద్ది కాలమునకే, దూరదేశములోని స్నేహితుని పిలిచి చేర్చుకొనుట కూడ సాధ్యమైనది. దూరము నుండి చేరేవారు ఆటను చెడగొట్టినారని కొందరు, అసలు ఆట ఇప్పుడే మొదలైనదని కొందరు చీలిపోయినారు.

2021 ఆగస్టులో మొదటి దెబ్బలాట జరిగినది. కోవిడ్ కాలములో మజిలీని 80 మీటర్ల నుండి తాకనిచ్చిన కంపెనీ, అమెరికాలోను న్యూజీలాండులోను దానిని మళ్లీ 40 మీటర్లు చేసినది. చక్రముల కుర్చీలో తిరిగేవారు, రద్దీ రోడ్డు దాటలేనివారు, తల్లిదండ్రులు, అందరూ ఒక్కటై నిరసించినారు. నెల తిరగకముందే కంపెనీ 80 మీటర్లకు ఒప్పుకొన్నది. 2023 ఏప్రిల్‌లో రెండవది. రిమోట్ పాసు ధర 100 నాణెముల నుండి 195కు, మూడు పాసుల కట్ట 300 నుండి 525కు పెంచి, రోజుకు ఐదు మాత్రమే అని హద్దు పెట్టినారు. డబ్బు పెట్టకుండ ఆటలో సంపాదించుకొన గలిగినది రోజుకు 50 నాణెములు. రెండు రోజుల కష్టముతో వచ్చే పాసుకు నాలుగు రోజులు పట్టినది. ఆ 50 సంపాదించుటకు కూడ జిమ్ అనే స్థలమునకు స్వయముగా వెళ్లి తన జీవిని కాపలా ఉంచవలెను. కదలలేని వాడికి నాలుగు రోజులూ లేవు, డాలర్లే.

కంపెనీ వారి వాదమును మేము తోసివేయము. మనుషులు బయటికి వచ్చి ఒకరినొకరు చూసుకొనవలెనని ఈ ఆట చేసినాము, ఇంటినుండి ఆడుట మేము తలచినదానికంటె మించిపోయినది అన్నారు. అందులో నిజము ఉన్నది. డబ్బున్నవాడు పడక మీదనుండి రోజుకు ముప్పది పాసులు కొని ఆడితే పార్కు ఖాళీ అవుతుంది. హద్దు పెట్టుట న్యాయమే. ధర రెండింతలు చేయుట న్యాయము కాదు. హద్దు అతిగా ఆడేవాడిని ఆపుతుంది, ధర పేదవాడిని ఆపుతుంది. ఈ రెండింటి తేడా ఉపాధ్యాయులకు బాగా తెలుసును. అల్లరి చేసినవాడిని నిలబెట్టుట వేరు, ఫీజు పెంచి తరగతి నిశ్శబ్దము చేయుట వేరు. ఎదురెదురుగా కలిసినంత మాత్రమున అంతా శుభమనుట కూడ పొరపాటు. 2017 జులైలో చికాగోలోని గ్రాంట్ పార్కులో వేలమంది టిక్కెట్లు కొని చేరితే, ఫోనులు కలవక, ఆట నడవక, కంపెనీ డబ్బు తిరిగి ఇవ్వవలసివచ్చినది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా అబ్బాయికి లంబాసాలో పెదనాన్న కూతురు ఉన్నది. వాడు ఆమెను అక్క అంటాడు. 2020 మార్చి నుండి ఫిజీ సరిహద్దులు మూసి ఉన్నవి. మళ్లీ తెరిచినది 2021 డిసెంబరు 1న. ఆ మధ్యలో మా అమ్మగారు అక్కడ కాలము చేసినారు. మేము వెళ్లలేకపోయినాము. ఫోనులో పెద్దలము ఏడ్చినాము, పిల్లలకు ఏమి మాట్లాడవలెనో తెలియలేదు. వేసవిలో ఇక్కడ మంగళవారము రాత్రి తొమ్మిది గంటలైతే అక్కడ బుధవారము సాయంత్రము నాలుగు. ఆ వేళకు వీడు మా వీధి చివరి జిమ్ దగ్గర నిలబడి అక్కను ఆటలోకి పిలిచినాడు. ఆమె చేరినది. ఇద్దరూ ఒక మాటైనా అనుకొనకుండ ఆడినారు. మరునాడు మళ్లీ పిలిచినాడు. కర్మ అయిన నాటి వరకు రోజూ పిలిచినాడు. ఆమె నిజముగా అక్కడ లేదని, అది ఆట కాదని వాడితో చెప్పగల విమర్శకుడు ఎవరైనా ఉంటే మేము చూడవలెను.

ఇంత వ్రాసిన మేము ఏమి చేసినామో అది కూడ వ్రాయవలెను. 2022 ఉగాదికి మా తరగతి కమిటీ, పద్యపఠనపు బహుమతులు హాలుకు వచ్చిన పిల్లలకే అని తీర్మానించినది. కంప్యూటరులో చేరినవారు చూసి చదువుతారని, కష్టపడి కారులో వచ్చినవారికి అన్యాయమని అన్నారు. చేయి ఎత్తినవారిలో మేమూ ఉన్నాము. రెండు గంటల దూరములో ఉన్న ఒక అమ్మాయి, తల్లికి శనివారము కూడ పని ఉండుటచేత, రెండేళ్లుగా తెరమీదనే చదువుకొంటున్నది. ఎప్పుడూ ఆలస్యము కాలేదు. ఆ తీర్మానము తరువాతి వారము ఆమె గడి నల్లగా ఉన్నది. ఆ తరువాత గడియే లేదు. చూసి చదివేవారిని పట్టుకొనుటకు కళ్లు మూసుకొని చదవమంటే సరిపోయేది. హద్దు పెట్టవలసినచోట మేము తాళము వేసినాము.

ఈ తప్పు మేమే చేయుట మరీ సిగ్గు. మన వారు మద్రాసు రేవులో ఓడలెక్కి 1903 నుండి ఫిజీ చేరినారు. గిరిమిట్ పూర్తిగా రద్దు అయినది 1920లో. మా ఇంటిలో మాట్లాడుకొన్నది ఫిజీ హిందీ. తెలుగు మాకు సాయంకాలపు తరగతులలో, అరిగిపోయిన వాచకములతో, సుద్దముక్కలతో అబ్బినది. కాలిఫోర్నియాకు వచ్చిన తరువాత ఆంధ్రదేశము నుండి నేరుగా వచ్చిన వారు మా మాట విని, ‘మీరు ఎక్కడి తెలుగువారండీ?’ అని అడిగినారు. మర్యాదగానే అడిగినారు. అయినను సింహద్వారము నుండి వచ్చినవారు ప్రక్క వాకిలి నుండి వచ్చినవారిని చూసే చూపు అది. దానిని మేము గుర్తుపట్టగలము. గుర్తుపట్టియు, ఒక చిన్నపిల్లను అదే చూపుతో చూసినాము.

దొడ్డిదారి అంటే చేయవలసిన పని తప్పించుకొనే దారి. ప్రక్క వాకిలి అంటే సింహద్వారము అందనివారు అదే ఇంటిలోకి వచ్చే దారి. జూదపు యంత్రము మొదటిది. ప్రదర్శన, రిమోట్ రెయిడ్, తెరమీది తరగతి రెండవవి. విమర్శకుడు చేయవలసినది ఈ రెండింటిని వేరుచేయుట. ఆ వేరు గదిని చూస్తే తెలియదు, వాకిలి దగ్గర నిలబడిన మనిషిని చూస్తే తెలుస్తుంది.

వచ్చే ఉగాదికి హాలులో ఒక తెర పెట్టవలెనని, దూరపు పిల్లలను కూడ పద్యమునకు పిలువవలెనని కమిటీకి వ్రాసి ఇచ్చినాము. ఆ అమ్మాయి తల్లికి వేరుగా ఉత్తరము వ్రాసినాము, క్షమాపణ కోరినాము. కమిటీ సరే అన్నది. ఉత్తరమునకు జవాబు ఇంకా రాలేదు.