సాక్షినే అమ్మజూపిన కథ

రాబర్ట్ హైన్‌లైన్ రాసిన 'ద మాన్ హూ సోల్డ్ ద మూన్' అనే నవలిక 1950లో అచ్చయింది. అప్పటికి మనిషి చేసిన వస్తువేదీ భూమి చుట్టూ తిరగడం మొదలుకాలేదు. స్పుత్నిక్‌కు ఇంకా ఏడేళ్ళుంది. వైజ్ఞానిక కల్పనా సాహిత్యం చదివేటప్పుడు మనం సాధారణంగా అడిగే ప్రశ్న, రచయిత ఊహించిన యంత్రాలు ఆ తర్వాత నిజంగా వచ్చాయా లేదా అన్నది. ఈ నవలిక విషయంలో ఆ ప్రశ్నకు పెద్ద ప్రయోజనం లేదు. ఇందులో రాకెట్టు ఉన్నా కథ నడిచేది రాకెట్టు చుట్టూ కాదు, దస్తావేజు చుట్టూ. చంద్రుడి మీద ఒక వ్యక్తికి ఆస్తి హక్కు ఉండవచ్చునా, ఉంటే ఆ హక్కు ఎవరి దగ్గర నుంచి వస్తుంది అన్నదే దీని అసలు వస్తువు. ఆ వస్తువును రచయిత ఎంతవరకు నిర్వహించాడో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కథానాయకుడు డెలోస్ హారిమన్ పెద్ద వ్యాపారి. చిన్ననాటి నుంచి అతనికి చంద్రుడి మీదకు వెళ్ళాలన్న కోరిక. దానికి కావలసిన డబ్బు ఒక మనిషి దగ్గర ఉండేది కాదు కాబట్టి, ఇంకా చేతికి రాని చంద్రుణ్ణి ముక్కలు ముక్కలుగా అమ్మి ఆ డబ్బుతోనే అక్కడికి వెళ్ళాలని పథకం వేస్తాడు. ఒక శీతల పానీయాల కంపెనీ అధిపతి దగ్గరకు వెళ్ళి, పోటీ కంపెనీ గుర్తు చంద్రుడి ముఖం మీద కనిపించే ప్రమాదం ఉందని చెప్పి సొమ్ము రాబడతాడు. చంద్రుడి దాకా వెళ్ళి వచ్చే తపాలా కవర్ల మీద బేరం పెడతాడు. వీటన్నిటికీ వెనక ఒక న్యాయసూత్రాన్ని నిలబెట్టుకుంటాడు. నేల ఎవరిదో దాని పైన ఆకాశం దాకా, దాని కింద పాతాళం దాకా వారిదే అన్నది ఇంగ్లీషు న్యాయ సంప్రదాయంలో పాత మాట. చంద్రుడు భూమధ్యరేఖకు ఉత్తర దక్షిణాలుగా 28 డిగ్రీల పైచిలుకు దాటి ఎవరి నడినెత్తి మీదకూ రాడు. కాబట్టి ఆ పట్టీలో ఉన్న దేశాలకే చంద్రుడి మీద హక్కు ఉందనాలి, ఆ హక్కులను వాళ్ళ దగ్గర ముందుగానే చవగ్గా కొని పెట్టుకోవాలి. ఇదీ హారిమన్ లెక్క.

ఈ లెక్క నిజమైతే అందులో మనకూ వాటా ఉంది. హోసూరు, బళ్ళారి, యానాం, బరంపురం అన్నీ ఆ పట్టీలోవే. హోసూరు రైతు నడినెత్తి మీదుగా చంద్రుడు ప్రతి నెలా పోతూనే ఉంటాడు. ఈ మాట చదివి నవ్వుకోవడం తేలిక. ఆ నవ్వుకు కారణమేమిటో చెప్పడమే కష్టం. దానికి మన దస్తావేజుల భాష కొంత ఉపకరిస్తుంది.

మన శాసనాలలో భూదానం చేసేటప్పుడు ఆ హక్కు ఎంతకాలం చెల్లుతుందో చెప్పడానికి 'ఆచంద్రార్కం' అన్న మాట వాడారు. సూర్యచంద్రులున్నంత కాలం అని దాని అర్థం. శాసనశిల మీద పైభాగాన సూర్యుణ్ణి, చంద్రుణ్ణి చెక్కడం తెలుగునాట, కన్నడనాట, తమిళనాట సర్వసాధారణం. అంటే మన భూమి పత్రంలో చంద్రుడు కాలపరిమితిగా, సాక్షిగా ఉన్నాడు గాని, ఎల్లల లోపల అనుభవించే సొత్తుగా లేడు. దానం ఇచ్చినవాడు పోతాడు, పుచ్చుకున్నవాడు పోతాడు, ఇద్దరికీ చెందని మూడోది ఒకటి మిగలాలి. అది మిగిలినంత కాలమే పత్రానికి విలువ. హారిమన్ అమ్మజూపింది ఆ సాక్షినే. నవలికలోని హాస్యానికి మూలం ఇదే. హైన్‌లైన్‌కు మన శాసనాలు తెలియనక్కర్లేదు. అమ్మకానికి రాకూడని దాన్ని అమ్ముతున్నామన్న ఎరుక హారిమన్ మాటల్లోనే, అతని భాగస్వామి స్ట్రాంగ్ పడే కంగారులోనే కనిపిస్తుంది.

ఇక న్యాయసూత్రం సంగతి. ఆకాశం దాకా భూయజమానిదే అన్న మాట ఆధునిక ప్రపంచంలో చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 1946లోనే కాజ్బీ కేసులో తేల్చింది. ఉత్తర కెరొలినాలో ఒక కోళ్ళ పెంపకందారు, తన కొట్టాల మీదుగా మరీ తక్కువ ఎత్తున సైనిక విమానాలు ఎగురుతున్నాయని దావా వేశాడు. అతనికి నష్టపరిహారం పొందే హక్కు ఉందని కోర్టు ఒప్పుకుంది. నేలను అనుభవించడానికి అవసరమైనంత ఎత్తు వరకే యజమాని హక్కు, ఆ పైన ఆకాశం అందరి దారి అని కూడా చెప్పింది. నవలిక అచ్చు కావడానికి నాలుగేళ్ళ ముందే అందులోని ఆయుధం మొద్దుబారిందన్న మాట. ఇది రచయిత పొరపాటు అనే విమర్శకులుండవచ్చు. నాకు అలా అనిపించదు. హారిమన్ ఆ సూత్రాన్ని నమ్మి కొనడం లేదు. రేపు ఎవరైనా దాన్ని తెచ్చి తన దారికి అడ్డం పెట్టకుండా ఉండడానికి కొంటున్నాడు. అతనికి కావలసింది హక్కు కాదు, తగాదా రాకుండా చూసుకోవడం. వ్యాపారి స్వభావాన్ని ఇంత సూటిగా పట్టుకోవడం ఈ రచనకు ఉన్న మొదటి బలం.

అయితే అసలు లోపం కూడా అక్కడే ఉంది. అమ్మేవాడు, కొనేవాడు ఒప్పుకుంటే హక్కు పుడుతుందని నవలిక మొత్తం అనుకుంటూ పోతుంది. హక్కు ఇద్దరి మధ్య పుట్టదు. దాన్ని నమోదు చేసుకుని, మూడోవాడు అతిక్రమిస్తే ఆపగలిగే అధికారం ఒకటి ఉండాలి. బలి చక్రవర్తి మూడడుగుల నేల ధారపోస్తే అది చెల్లింది, ఎందుకంటే అతను ఆ లోకాలకు ఏలిక. వామనుడి రెండో అడుగు ఆకాశాన్ని కొలిచినా దానం తప్పలేదు. హారిమన్‌కు అమ్మిన దేశాలు చంద్రుడికి ఏలికలు కావు. లేని అధికారం ఎన్ని చేతులు మారినా లేనిదిగానే ఉంటుంది.

నవలిక వచ్చిన 17 ఏళ్ళకు ప్రపంచ దేశాలు ఈ విషయాన్ని ఒప్పందంగా రాసుకున్నాయి. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం రెండో అధికరణం ప్రకారం చంద్రుడితో సహా అంతరిక్షంలోని ఏ భాగాన్నీ ఏ దేశమూ సార్వభౌమత్వం ప్రకటించి గాని, వాడుక వల్ల గాని, ఆక్రమణ వల్ల గాని, మరే విధంగా గాని సొంతం చేసుకోరాదు. ఇందులో దేశాలను నిషేధించారు గాని వ్యక్తులను నిషేధించలేదు కదా అనే వాదం ఒకటుంది. చంద్రుడి మీద ఎకరాలు అమ్మే వ్యాపారం అమెరికాలో 1980 నుంచి ఈ సందు మీదనే నడిచింది. వాదం పైకి బాగానే కనిపిస్తుంది. కాని అదే ఒప్పందం ఆరో అధికరణం, ప్రభుత్వేతరులు అంతరిక్షంలో చేసే పనులకు వారి దేశమే బాధ్యత వహించాలని, ఆ పనులకు అనుమతి ఇచ్చి నిరంతరం పర్యవేక్షించాలని చెప్పింది. తనకే లేని హక్కును దేశం తన పౌరుడికి పట్టాగా ఇవ్వలేదు. పౌరుడు తనంతట తానే తీసుకుంటే దాన్ని తన కోర్టులో కాపాడనూ లేదు.

ఇక్కడ ఒక పోలికను జాగ్రత్తగా వాడాలి. తమిళనాడులోను, ఆంధ్రలోను ఉన్న మన పాఠకులకు పోరంబోకు అన్న మాట తెలుసు. చంద్రుడు పోరంబోకు అనిపించవచ్చు. కాని పోరంబోకుకు యజమాని ప్రభుత్వం. అక్కడ గుడిసె వేసుకున్నవాడికి ఏనాటికైనా ప్రభుత్వం పట్టా ఇవ్వగలదు. చంద్రుడి విషయంలో పట్టా ఇవ్వగల ఆ చెయ్యే లేదు. ఈరోస్ అనే గ్రహశకలం తనదని ప్రకటించుకున్న ఒక అమెరికా పౌరుడి అనుభవం దీన్ని రుజువు చేస్తుంది. 2001లో నాసా నౌక ఆ శకలం మీద దిగింది. అతను 20 డాలర్ల పార్కింగ్ రుసుము అడిగాడు, తర్వాత దావా వేశాడు. 2004లో నెవాడా ఫెడరల్ కోర్టు ఆ దావాను కొట్టేసింది, మరుసటి ఏడు అప్పీలులోనూ అదే తీర్పు నిలిచింది. హారిమన్ కథను ఎవరైనా కోర్టు దాకా తీసుకుపోతే ముగింపు ఎలా ఉండేదో ఈ కేసు చెబుతుంది.

అయితే అంతరిక్షంలో వ్యక్తికి ఏ ఆస్తీ ఉండదనుకుంటే అదీ పొరపాటే. పంపిన వస్తువు మీద యజమాని హక్కు పోదని ఒప్పందం ఎనిమిదో అధికరణం చెబుతుంది. 1973లో చంద్రుడి మీద దిగిన సోవియట్ యంత్రవాహనం లూనొఖోద్-2ను 1993లో సోథెబీ సంస్థ న్యూయార్క్‌లో వేలం వేస్తే ఒక వ్యక్తి 68,500 డాలర్లకు కొన్నాడు. ఆ బండి అతనిది, దాని చక్రాల కింద ఉన్న మట్టి మాత్రం అతనిది కాదు. అదే వేలంలో లూనా-16 నౌక 1970లో భూమికి తెచ్చిన చంద్రధూళి రేణువులు కూడా అమ్ముడుపోయాయి. నేలలో ఉన్న మట్టి ఎవరిదీ కాదు, తవ్వి తెచ్చిన మట్టికి మాత్రం ధర పలికింది.

నేటి తగాదా ఈ గీత మీదే జరుగుతున్నది. 2015లో అమెరికా, 2017లో లక్సెంబర్గ్, 2019లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, 2021లో జపాన్ చట్టాలు చేశాయి. నేల మీద హక్కు మాట ఎత్తకుండా, అందులోంచి తీసిన వనరు మీద హక్కుకు దారి తెరవడం వీటి పద్ధతి. మన పాత దస్తావేజులలో ఆస్తి అంటే ఒకే ముద్ద కాదు. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అని అష్టభోగాలుగా విడగొట్టి చెప్పేవారు. ఆ భాషలో చెప్పాలంటే ఈ చట్టాలు క్షేత్రం ఇవ్వకుండా జలపాషాణాలు మాత్రం ఇస్తున్నాయి. మన సంప్రదాయంలో ఈ భోగాలన్నీ క్షేత్రాన్ని అంటిపెట్టుకుని వచ్చేవి. క్షేత్రానికి యజమాని లేనప్పుడు భోగం ఎవరి దగ్గర నుంచి వచ్చింది అన్న ప్రశ్నకు ఈ చట్టాలు జవాబు చెప్పవు. సముద్రం ఎవరిదీ కాకపోయినా పట్టిన చేప పట్టినవాడిది అని వాటిని సమర్థించేవారు అంటారు. చేప మళ్ళీ పుడుతుంది. చంద్రుడి దక్షిణ ధ్రువంలో నీడ గుంటల్లో పేరుకున్న మంచు, తీసిన చోట తిరిగి పేరుకోవాలంటే మనుషుల లెక్కకు అందని కాలం కావాలి.

ఈ విషయంలో భారతదేశం కాళ్ళు రెండు పడవల మీద ఉన్నాయి. చంద్రుడి వనరులు మానవజాతి ఉమ్మడి వారసత్వం అని చెప్పే 1979 నాటి చంద్ర ఒప్పందం మీద 1982లో సంతకం చేసింది, కాని ధ్రువీకరించలేదు. వనరులు తీయడం దానంతటదే స్వాధీనం చేసుకోవడం కాదని చెప్పే ఆర్టెమిస్ ఒడంబడిక మీద 2023లో సంతకం చేసింది. అదే ఏడు ప్రకటించిన భారత అంతరిక్ష విధానం, ప్రైవేటు సంస్థలు చట్టబద్ధంగా సంపాదించిన వనరులను ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు అన్నది. శ్రీహరికోట నుంచి వెళ్ళిన చంద్రయాన్-3 దిగిన చోటుకు ఆ ఏడే పేరు పెట్టుకున్నాం. పేరు పెట్టడం పట్టా కాదన్న సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

మళ్ళీ నవలికకు వద్దాం. హారిమన్ హక్కులు కొనే దేశాలకు ఈ కథలో గొంతు లేదు. అవి జాబితాలో పేర్లు, చవగ్గా దొరికే సంతకాలు మాత్రమే. 1976లో బొగోటాలో సమావేశమైన ఎనిమిది భూమధ్యరేఖా దేశాలు, తమ నెత్తి మీది భూస్థిర కక్ష్య భాగం తమదని ప్రకటించాయి. న్యాయంగా ఆ వాదం నిలవలేదు, ఇతర దేశాలు ఒప్పుకోలేదు. అయినా ఆ ప్రకటనలో ఒక మాట ఉంది: ముందు వెళ్ళగలిగినవాడు అంతా తీసుకుంటే వెనకబడినవాడికి మిగిలేదేమిటని. హారిమన్ వాడిన వాదాన్నే వాళ్ళు వాడారు, అమ్ముకోవడానికి కాదు, పోగొట్టుకోకుండా ఉండడానికి. ఆ పట్టీలో నివసించే పాఠకుడికి హైన్‌లైన్ కథ సగమే చెప్పాడనిపిస్తుంది. చంద్రుణ్ణి దేశాల తగాదాలకు దూరంగా, ఐక్యరాజ్యసమితి నీడన ఉంచాలని హారిమన్ అనడం నిజమే. ఆ నీడలో పెత్తనం మాత్రం తన సంస్థకే ఉండాలన్నది అతని షరతు.

ఇంత చెప్పినా ఈ నవలిక నిలబడేది హారిమన్ పాత్ర వల్ల. అతను డబ్బు కోసం చంద్రుణ్ణి అమ్మలేదు, చంద్రుడి కోసం డబ్బును వాడుకున్నాడు. తీరా నౌక సిద్ధమయ్యాక, పెట్టుబడి పెట్టినవారు అతన్ని పోనివ్వరు. సంస్థకు అతనే ఆధారం కాబట్టి అతను భూమి మీదే ఉండాలి. తాను రాసుకున్న కాగితాలే అతన్ని కట్టేస్తాయి. అమ్మకంలో చివరి సరుకు అతనేనని పాఠకుడికి అప్పుడు తెలుస్తుంది. దీనికి కొనసాగింపుగా చదవవలసిన 'రెక్వియమ్' కథను హైన్‌లైన్ పదేళ్ళ ముందే, 1940లో ప్రచురించాడు. అందులో ముసలి హారిమన్ గుండెజబ్బుతో, నిబంధనలను దాటి చంద్రుడి మీదకు చేరి అక్కడే కన్నుమూస్తాడు. చంద్రుడంతా తనదనుకున్నవాడికి చివరకు దొరికింది పడుకోవడానికి కాస్త చోటు. అదీ హక్కుగా దొరకలేదు.

ఈ రెండు రచనలను కలిపి చదివితే రచయిత తీర్పు ఎటు ఉందో కనిపిస్తుంది. చంద్రుణ్ణి అమ్మడం సాధ్యమని నవలిక వాదిస్తుంది, కొన్నవాడికి ఏం దక్కిందో కథ చూపిస్తుంది. న్యాయశాస్త్రం ఆ తర్వాత చేరిన చోటు కూడా కథ వైపే ఉంది. మన పాఠ్యప్రణాళికల్లో ఇలాంటి రచనలకు చోటివ్వాలనడానికి ఇది చాలు. శాసనభాష చదివిన విద్యార్థి ఆచంద్రార్కం అన్న మాట దగ్గర ఆగి, ఆ చంద్రుడు ఎవరి సొత్తు అని ఒకసారి అడగగలిగితే, పాత పత్రం కూడా కొత్తగా అర్థమవుతుంది.